వగరుకు గడి లేదు

ఆయన్ని అందరూ అరమార్కు అంటారు. ముఖం మీద అనరు కానీ ఆయనకు తెలుసు. తెలిసినా కోపం తెచ్చుకోడు, పైగా లోలోపల కాస్త గర్వపడతాడు కూడా. నీళ్ల సరఫరా ఆఫీసు ల్యాబులో ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఏడు ట్యాంకుల నీళ్లు ఏడు గ్లాసుల్లో పోసుకుని, ఒక్కో గుక్క పుక్కిలించి, ఇందులో క్లోరిన్ ఎక్కువైంది, ఇది పైపు తుప్పు, ఇది వట్టి చప్పన అని రిజిస్టరులో రాయడమే ఆయన పని. అలాంటి నాలుక ఉన్న మనిషిని లోకం ఊరికే వదిలిపెడుతుందా? సొంతంగా బీరు కాచే చిన్నాచితకా వాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంటే, వాళ్లు ఆయన్ని లాక్కుపోయి న్యాయనిర్ణేతను చేసి కూర్చోబెట్టారు. ఇక చూడండి. నురగ కాస్త ముందే చల్లారిందని అర మార్కు కోత, గ్లాసు అంచున చార పడిందని అర మార్కు కోత. దేవుడే స్వయంగా కాచి తెచ్చినా ఈయన దగ్గర యాభైకి నలభై తొమ్మిదిన్నరే అని తోటి న్యాయనిర్ణేత పోస్టుమాను అంటుంటాడు.

ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా ఆయన బావమరిది వల్ల వచ్చింది.

బావమరిది లిఫ్టు మెకానిక్కు. పదహారేళ్లు లిఫ్టు గుంటల్లో నడుం వంచి గ్రీజు పూసిన మనిషి, ఉన్నట్టుండి ఒక రోజు కంపెనీలో ఆర్నెల్లు సెలవు పెట్టేశాడు. మూతపడిన లాండ్రీ ఒకటి అద్దెకు తీసుకుని, అందులో రెండు స్టీలు ట్యాంకులు నిలబెట్టి, బీరు కాస్తానన్నాడు. అదైనా మామూలు బీరు కాదు, స్ట్రాంగ్ ఏల్. మామూలు బీరుకు రెండింతలు ఘాటు, దాని నిండా హాప్స్ వాసన. హాప్స్ అంటే తీగకు పూసే చిన్న పచ్చటి పువ్వులు. బీరుకు చేదు ఇచ్చేదీ అవే, ఆ నారింజ తొక్కలాంటి సువాసన ఇచ్చేదీ అవే. బావమరిదికి ఆ పువ్వులంటే పిచ్చి. చొక్కా జేబులో వేసుకుని తిరిగి, గంటకోసారి తీసి వాసన చూసుకునేవాడు.

వీధి చివర బారు నడిపే ఆవిడ ఒక మాట ఇచ్చింది. "సంఘం వాళ్లు యాభైకి ముప్పై ఎనిమిది వేస్తే నా బారులో బీరు పోసే కుళాయి ఒకటి నీకే ఇచ్చేస్తా" అంది. బావమరిది ఆ ముప్పై ఎనిమిది మీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. సెలవు అయిపోయేలోపు అది వస్తే బీరు, రాకపోతే మళ్లీ లిఫ్టు గుంట. మొదటి కాపుకు ముప్పై మూడు వచ్చాయి. రెండోదానికి ముప్పై ఒకటి. ఇదిగో, ఇవాళ మూడోది.

ఆదివారం పొద్దున పదింటికి, సైకిలు షాపు పైనున్న హాల్లో, ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. అరమార్కు, పోస్టుమాను, బేకరీ ఆవిడ. గ్లాసులకు పేర్లుండవు, అంకెలే. ముందు తలా ఒక ఫారం. ఈ ఫారం గురించి కాస్త చెప్పుకోవాలి. దాన్ని తయారుచేసింది సంఘం సెక్రటరీ గారు. పాతికేళ్లు బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, గడి లేని కాగితం చూస్తే ఆయనకు కాలూ చెయ్యీ ఆడదు. రంగుకు ఒక గడి, నురగకు ఒక గడి, వాసనకు ఒకటి, తీపికి ఒకటి. చేదుకు మాత్రం మూడు: తక్కువ, సరిపడా, ఎక్కువ. చిట్టచివర 'అభిప్రాయం (రెండు మాటలకు మించరాదు)' అని ఒక సన్నటి గీత. ఇలాంటివి వెయ్యి అచ్చు వేయించారు. వెయ్యీ అయిపోయేదాకా మార్చేది లేదని మీటింగులో తీర్మానం కూడా చేయించుకున్నారు.

అరమార్కు మూడో నంబరు గ్లాసు ఎత్తాడు. ఎవరిదో చూడకుండానే తెలిసిపోయింది. రంగు బాగుంది. వాసన మాత్రం పోయినసారికన్నా పలచబడింది, ఏదో పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. గుక్క వేశాడు. ముందు తీపి, బాగానే ఉంది. మింగిన తర్వాత మొదలైంది. నాలుక ఎండుకుపోయి, చిగుళ్లు బిగుసుకుని, బుగ్గలు లోపలికి లాగేసినట్టయింది. పచ్చి అరటికాయ కొరికినట్టు. అరమార్కు మొదటి రెండుసార్లు చేసినట్టే ఈసారీ ఫారం మీద పెన్ను ఆడించాడు, దగ్గరగా ఉన్న గడి కోసం వెతికాడు, చేదు పక్కన 'ఎక్కువ' దగ్గర టిక్కు పెట్టాడు. అభిప్రాయం దగ్గర, టిక్కుకు తేడా రాకుండా, పద్ధతిగా రెండే మాటలు రాశాడు: చేదు ఎక్కువ. పోస్టుమానూ అదే రాశాడు, బేకరీ ఆవిడా అదే రాసింది.

ఇరవై తొమ్మిది వచ్చాయి.

ఆ మధ్యాహ్నం అరమార్కు ఇంట్లో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మాట్లాడాయి. భార్య దర్జీ పని చేస్తుంది. ముందు గదిలో కుట్టు మిషను, దాని చుట్టూ రంగురంగుల పేలికలు. ఒక్క పేలిక పారేయదు, ఒక్క దారం ముక్క పారేయదు. వాళ్ల పుట్టింటి రక్తమే అంత. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికిస్తారు, పేస్టు ట్యూబును కత్తెరతో చీల్చి లోపల గోకుతారు, మరిగించిన టీ పొడిని మళ్లీ మరిగిస్తారు. ఇరవై ఏళ్ల కిందట, పెళ్లైన కొత్తలో అరమార్కు దీని మీద ఒకే ఒక్క జోకు వేశాడు. ఆ జోకు ఖరీదు మూడు రోజుల మౌనం. తర్వాత మళ్లీ వేయలేదు.

"ఇరవై తొమ్మిదా?" అంది ఆవిడ కంచం ముందు పెడుతూ. "ముక్కూ మొహం తెలియనివాళ్లకి నలభై వేస్తారు. నా తమ్ముడికి ఇరవై తొమ్మిదా?"

"నేనొక్కణ్ణే కాదు కదే, ముగ్గురం వేశాం."

"ఆ ఇద్దరికీ వాడేం బావమరిది కాదు కదండీ!"

అంతలో బావమరిదే వచ్చాడు, చేతిలో మిగిలిన సీసా పట్టుకుని. మనిషి ఓడిపోయి వచ్చినా ముఖంలో నవ్వు పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మూడు గ్లాసుల్లో పోశాడు.

"ఇంకా చేదేనా బావా? మొదటిసారి వేసిన పువ్వుల్లో ఇప్పుడు సగం కూడా వేయలేదు. నాకైతే వాసన పోయి దిగులుగా ఉంది. సరేలే, జనం నోటికి నచ్చాలి కదా. ఆఖరిసారి ఒకటి కాస్తా. అసలు పువ్వులే లేకుండా, పేరుకు చిటికెడు వేసి."

"పువ్వుల్లేకుండా అదేం బీర్రా?" అన్నాడు అరమార్కు, తనకే తెలియకుండా.

"మరి చేదు ఎక్కువని మీరేగా రాసేది?"

బావమరిది మామూలుగానే అన్నాడు, నిష్ఠూరం కూడా లేదు. అదే అరమార్కును పొడిచింది. తిట్టినా బాగుండేదనిపించింది. ఈలోగా భార్య, పుట్టి బుద్ధెరిగి బీరు ముట్టని మనిషి, తమ్ముడి మీద ప్రేమ కొద్దీ ఒక గ్లాసు ఎత్తి చుక్క నాలుక మీద వేసుకుంది. ఆలోచించింది. ఇంకో గుక్క వేసింది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి.

"చేదా? ఎక్కడుందిరా చేదు? ఇది వగరు! నోరంతా పట్టేసింది చూడు."

"వగరా?" అన్నాడు తమ్ముడు.

"వగరే. పచ్చి జామకాయ తిన్నట్టు. చేదుకీ వగరుకీ తేడా తెలీదా మీకు? ఏమండీ, నాలుక మీద బతికే మనిషి మీరు. మీకు తెలీలేదా?"

అరమార్కు గ్లాసు వైపు చూశాడు, సీసా వైపు చూశాడు, చూడ్డానికి ఇంకేం మిగలక భార్య వైపు చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు, నీళ్ల దగ్గరైనా ఇంట్లోనైనా.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటి కాపు నించీ."

"మరి రాయలేదేం?"

"ఫారంలో వగరుకు గడి లేదు" అన్నాడు అరమార్కు.

బావమరిది నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత కుర్చీ వెనక్కి ఒరిగేంతగా, కళ్లలో నీళ్లు తిరిగేంతగా. అక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ లేచి నిలబడి, గడుల గురించీ, సెక్రటరీ గారి గురించీ, కట్టుకున్నవాడి తెలివితేటల గురించీ అనాల్సినవన్నీ అనేసింది. అరమార్కుకు నిజంగా సిగ్గేసింది. ల్యాబులో తుప్పు నీళ్లను చప్పన అని రాస్తే పైపులు మార్చాల్సిన చోట ఇంకేదో మారుస్తారని తనే పదిమందికి పాఠాలు చెప్పాడు. సొంత బావమరిది దగ్గరకొచ్చేసరికి మూడుసార్లు తప్పు మాట రాసి, పాపం వాడు ఇష్టమైన పువ్వుల్ని కాపు కాపుకూ తగ్గించుకునేలా చేశాడు.

"సెలవు ఇంకెంతుందిరా?" అన్నాడు.

"ఆరు వారాలు."

"కాపుకు ఐదు చాలు కదా. రేపు నేనూ సెలవు పెడతా. నువ్వు పొయ్యి వెలిగించు, నేను చూస్తా."

మర్నాడు పొద్దున ముగ్గురూ లాండ్రీలో ఉన్నారు. గోడ మీద ఇంకా 'బట్టలకు మేము జవాబుదారీ కాదు' అన్న పాత బోర్డు ఉంది. బావమరిది మాల్టు, అంటే మొలకెత్తించి మరపట్టిన బార్లీ గింజల బస్తా, పెద్ద డ్రమ్ములో గుమ్మరించి వేడినీళ్లు పోశాడు. గదంతా బిస్కట్లు కాలుతున్న వాసన. గంట తర్వాత అడుగునున్న వాల్వు తిప్పితే తేనె రంగులో చిక్కటి రసం దిగింది. అరమార్కు గ్లాసు పట్టి రుచి చూశాడు. తీపి, కమ్మగా ఉంది, వంక పెట్టడానికి లేదు. బావమరిది గింజల మీద మళ్లీ వేడినీళ్లు పోశాడు. రెండో కడుగుడు రసం పలచగా దిగింది, అదీ బాగానే ఉంది. ఇక అయిపోయిందనుకుంటే, బావమరిది పొయ్యి మీద సలసలా మరుగుతున్న నీళ్లు ఒక బానెడు తెచ్చి మూడోసారి పోశాడు.

"ఇదెందుకు?" అన్నాడు అరమార్కు.

"ఇంకా కొంచెం తీపి ఉంది కదా బావా లోపల. మరిగే నీళ్లు పోస్తే అదీ వచ్చేస్తుంది."

మూడో రసం గ్లాసులో పట్టి అరమార్కు పుక్కిలించాడు. తీపి ఎక్కడా లేదు. చిగుళ్లు బిగుసుకున్నాయి. అప్పటికే గింజల్లో మిగిలింది పొట్టే, మరిగే నీళ్లకు ఆ పొట్టులోని వగరంతా దిగి వచ్చేసింది. గ్లాసు భార్య చేతికిచ్చాడు. ఆవిడ చప్పరించి తమ్ముడికిచ్చింది. ముగ్గురి బుగ్గలూ ఒకేలా లోపలికి పోయాయి.

"ఇదేరా" అన్నాడు అరమార్కు. "పువ్వుల తప్పు లేదు. ఈ మూడో కడుగుడు మానేయాలి. పారబోసెయ్."

బావమరిది వాల్వు దగ్గరకు వెళ్లాడు. చెయ్యి దాని మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "బానెడుంది బావా. ఇది పోతే పీపాలో పావు వంతు తగ్గిపోతుంది. చేతులు రావడం లేదు" అన్నాడు. నిజంగానే ఆ మొహం చూస్తే జాలేసేలా ఉంది. అరమార్కుకు అన్నీ అర్థమయ్యాయి. టీ పొడి, సబ్బు ముక్క, పేస్టు ట్యూబు. అంతా ఆ డ్రమ్ములోనే ఉంది. నోటి దాకా వచ్చిన జోకును మింగేశాడు. ఆ ఇంటి అల్లుడు ఆ ఇంటి పొదుపు మీద నోరు విప్పితే ఏమవుతుందో ఆయనకు ఒకసారి తెలిసింది చాలు.

అప్పుడు ముందుకొచ్చింది భార్య. చీర కొంగు నడుముకు దోపి, తమ్ముణ్ణి పక్కకు జరిపి, వాల్వుకు గొట్టం తగిలించి దాని మూతిని కాలువలోకి పెట్టింది. "అమ్మ చూస్తే నన్ను చంపేస్తుంది" అంది. కళ్లు గట్టిగా మూసుకుని వాల్వు తిప్పేసింది. మూడో కడుగుడు గలగలా కాలువలోకి పోతుంటే అక్కాతమ్ముళ్లిద్దరూ కళ్లు మూసుకునే నిలబడ్డారు. చప్పుడు ఆగాక ఆవిడ కళ్లు తెరిచి, "అయిపోయిందా? ఇక వేయరా నీ పువ్వులు. మొదటిసారి ఎన్ని వేశావో అన్నీ వెయ్యి" అంది.

బావమరిది వేశాడు. మరుగుతున్న రసంలో ఒక దోసెడు, గంట తర్వాత ఇంకో దోసెడు, చివర్లో పొయ్యి ఆపేముందు వాసన కోసమని మూడు దోసెళ్లు. ఆవిర్లు లేచి లాండ్రీ అంతా నారింజ తోటలా గుమగుమలాడింది. దారినపోయే వాళ్లిద్దరు గుమ్మంలోకి తొంగి చూసి, బట్టలు ఉతకడం మళ్లీ మొదలుపెట్టారా అని అడిగారు.

ఐదు వారాల తర్వాత ఆదివారం, పరీక్ష. సోమవారం నుంచి బావమరిది డ్యూటీలో చేరాలి. లిఫ్టు కంపెనీ సూపర్వైజరు రెండుసార్లు ఫోన్ చేశాడట. బావమరిది హాల్లో చివరి కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు గది బయట కూర్చున్న మనిషిలా ఉన్నాడు. బారు ఓనరమ్మ కూడా వచ్చి గోడ పక్కన నిలబడింది. అరమార్కు ముందే సెక్రటరీ గారి దగ్గరకు వెళ్లాడు.

"ఈ కాపులో నా చెయ్యి పడింది. నేను తప్పుకుంటా."

"ముగ్గురుంటేనే లెక్క. మీరు తప్పుకుంటే అసలు మార్కులే వేయం" అన్నారు సెక్రటరీ గారు. "అయినా తప్పుకోవడానికి ఫారంలో గడి లేదు."

కూర్చోక తప్పలేదు. మొదటి గ్లాసు, రెండో గ్లాసు మామూలుగా నడిచాయి. పద్ధతేమిటంటే తలా మూడు గుక్కలు, మిగిలింది బల్ల కిందున్న బకెట్లో ఒంపేయాలి. లేకపోతే నాలుగో గ్లాసుకు న్యాయనిర్ణేతలు న్యాయం మరిచిపోతారు. మూడో గ్లాసు వచ్చింది. నలభై తొమ్మిది వేసేయొచ్చు, ఎవడడుగుతాడు? భార్య అడగదు, బావమరిది అడగడు. కానీ మూడుసార్లు తప్పు రాసింది చాలనుకున్నాడు. మంచికైనా చెడుకైనా ఈసారి ఉన్నదే రాయాలి. గుక్క వేశాడు. పెన్ను తీశాడు. గడులు నింపాడు, నలభై మూడున్నర అని వేశాడు. అభిప్రాయం దగ్గర రెండు మాటలు రాసి ఆగాడు. మళ్లీ రాశాడు. గీత అయిపోయింది. ఫారం తిరగేసి వెనక వైపు రాస్తూ పోయాడు. పక్కనున్న పోస్టుమాను మోచేత్తో పొడిచినా ఆపలేదు.

సెక్రటరీ గారు ఫారాలు తీసుకుని, ఒకటి చూసి, రెండోది చూసి, మూడోదాన్ని తిరగేసి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టారు.

"అభిప్రాయం రెండు మాటలకు మించరాదు. ఇవి అరవై ఉన్నాయి. ఈ ఫారం చెల్లదు. రెండు ఫారాలతో మార్కులు తేల్చలేం. మూడో నంబరు గ్లాసుకు మార్కులు లేవు."

అరమార్కు తక్కువ రాసి మూడుసార్లు ముంచాడు, ఎక్కువ రాసి ఇప్పుడు పూర్తిగా ముంచేశాడు. వెనక్కి తిరిగి బావమరిదిని చూసే ధైర్యం కూడా రాలేదు. "సెక్రటరీ గారూ, ఇంకో ఫారం ఇప్పించండి" అని లేచాడు. "మనిషికొకటే" అన్నారు ఆయన.

బారు ఓనరమ్మ గోడ దగ్గర నుంచి కదిలి బల్ల దగ్గరకు వచ్చింది. ఖాళీ గ్లాసులు చూసింది. వంగి బల్ల కిందున్న బకెట్లోకి చూసింది.

"మొదటి రెండు బీర్లు ఇందులో ఒంపడం చూశాను. మూడోది ఎవరూ ఒంపినట్టు లేదే. ముగ్గురూ తాగేసినట్టున్నారు" అంది. బేకరీ ఆవిడ చీర కుచ్చిళ్లు సవరించుకుంది. పోస్టుమాను మీసం తుడుచుకున్నాడు. "ఆ చెల్లని కాగితం ఇలా ఇవ్వండి సెక్రటరీ గారూ, చెల్లదు కదా, మీకెందుకు?"

తీసుకుని, అందరికీ వినబడేలా చదివింది.

"చేదు సరిపడా. చేదు శుభ్రంగా వచ్చి శుభ్రంగా వెళ్లిపోతుంది. వగరు లేదు. నారింజ తొక్క గోటితో గిల్లినట్టు వాసన. చివర కొంచెం గొంతు మండుతుంది, ఇంకో వారం ఆగాల్సింది. దీన్ని కాచినవాడికి మేం ముగ్గురం మూడుసార్లు తప్పు చెప్పాం. వాడు ప్రతిసారీ మా మాట నమ్మి, తనకిష్టమైనదాన్నే తగ్గించుకున్నాడు. ఒక్కసారీ మమ్మల్ని తిట్టలేదు. నాలుగోసారి నవ్వుతూ పొయ్యి వెలిగించాడు. నేనైతే రెండోసారికే మానేసేవాణ్ణి. ఇలాంటివాడు మా ఇంటి మనిషి కావడం నా అదృష్టం. ఈ మాట నేను ఇరవై ఏళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది."

ఓనరమ్మ కాగితం మడిచి బావమరిది చేతిలో పెట్టింది.

"నేను ముప్పై ఎనిమిది అడిగింది, నా కస్టమర్లు తాగుతారో లేదో తెలుసుకుందామని. తెలిసింది. సోమవారం పీపా పంపించు" అంది. "ఇంకో వారం ఆగాలన్నాడు కదా మీ బావ. సరే, పై సోమవారం పంపించు."

బావమరిది తల ఊపాడు కానీ ఆవిడ మాటలు పూర్తిగా విన్నాడో లేదో. కాగితం విప్పి మొదటి నుంచి చివరిదాకా తనే చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. బల్ల దగ్గర అరమార్కు పెన్ను మూత తీసి పెడుతూ, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

"బావా" అన్నాడు. "ఇందులో నువ్వు రాసింది బీరు గురించా, నా గురించా?"

"బీరు గురించి రాద్దామనే కూర్చున్నానురా" అన్నాడు అరమార్కు.